ఒక్క అక్షరం పోకుండా

ముద్దుకృష్ణ సారును నేను కాలేజీలోకి పొయ్యి తిట్టినానని పుంగనూరంతా ఇప్పటికీ సెప్పుకుంటాండారు. తిట్టినా. లేదని ఎవురన్నారు? స్టాఫ్ రూములో సార్లంతా టీ తాగుతాంటే వాకిట్లో నిలబడి తిట్టినా. అంగన్‌వాడీలో ఆయాగా ఉండేదానివి, గవర్నమెంటు జీతం తీసుకునేదానివి, సదువు సెప్పే సారును పట్టుకుని అట్లంటావా మునెమ్మా అని మా సూపర్‌వైజరమ్మ గూడా గొణిగింది. అంటా. ఎందుకు తిట్టినానో మొత్తం ఇనండి, ఇన్నాక నాదే తప్పంటే అప్పుడు సెప్పండి.

నీలిమ నా తమ్ముడు ఈశ్వరప్ప కూతురు. వాళ్లది చౌడేపల్లె పక్కన పల్లె. రెండావులు, వానొస్తే పండే రవ్వంత సేను, అదీ వాళ్ల ఆస్తి. పాప ఇంటర్ సదవాలంటే దినామూ పుంగనూరికి రావల్ల. బస్సు తప్పిపోతే ఆటో, ఆటో లేకపోతే నడక. అందుకని నేనే నాకాడ పెట్టుకుంటి. నాకు పిల్లల్లేరు. మొగుడు ఉండి గూడా లేనట్టే, ఆ కత ఇప్పుడొద్దు. నీలిమ వచ్చినాక నా ఇంట్లో ఇంకొక మనిషికి అన్నం వండేది వచ్చింది. ఆ సంతోషం నాకే తెలుసు.

పాపది ఒక గుణం. సెప్పింది సెప్పినట్టు సేస్తాది. పొయ్యి మింద పాలు సూస్తాండు మే అని సెప్పి నేను నీళ్లకు పోతే, పాలు పొంగి పొయ్యిలో పోతాంటే సూస్తానే నిలబడి ఉంటాది. ఏందే ఇది అంటే, సూడమన్నావు గానీ దించమనలేదు గదత్తా అంటాది. కోపమొస్తాది, నవ్వూ వస్తాది. నీ తెలివి తెల్లారినట్టే ఉండాది పో అని నెత్తిన ఒకటి మొట్టేదాన్ని.

వాళ్లమ్మ మంజు పోయినప్పుడు అది ఇంకా బడికి పోతాండె. మంజుకు కిడ్నీలు సెడిపోయినాయి. మదనపల్లె ఆసుపత్రికి పోయేది, సూదులు గుచ్చిచ్చుకునేది, వచ్చేది, మళ్లా పోయేది. బతుకంతా బస్సులోనే అయిపాయె. ఆ జబ్బుకు ఒళ్లంతా దురద పుడతాదంట. రక్తమొచ్చేదాకా గీక్కునేది. అడ్డం పోతే మా తమ్ముడి చేతులూ గీకేది, పాపం ఆయమ్మకు తెలిసి కాదు. ఆసుపత్రిలో పక్క మంచాలోళ్లు, ఏం అంటుకుంటాదో ఏమో అని మూతి తిప్పుకుని దూరం జరుగుతాండ్రి. కసువు ఊడ్సేది గూడా ఆయమ్మ మంచం కింద ఊడ్సదు.

ఒకపొద్దు కొత్తగా ఒక నర్సమ్మ వచ్చింది. పేరు గూడా మాకు తెలీదు. వచ్చి, మందు రాసి పోతాదనుకుంటే, మంచం మిందే కూర్చుని మంజు చెయ్యి ఒళ్లో పెట్టుకుని గోర్లు తియ్యబట్టింది. ఒక్కొక్క ఏలు పట్టుకుని, అంచులు గీసుకోకుండా నున్నగా రుద్ది మరీ తీసింది. తీస్తా తీస్తా, ఈ పాప నీ కూతురా, ఏం సదువుతాది, ఈపొద్దు ఏం వండుకోనొచ్చినారు అని మాట్లాడతానే ఉండాది. మనిషి మాదిరి మాట్లాడింది. మంజు ఆ మాటల్లోనే నిద్రపోయింది. ఎన్ని దినాలకో కునుకు తీసింది ఆయమ్మ. నీలిమ మంచం కాళ్లకాడ నిలబడి రెప్పెయ్యకుండా సూస్తాండె. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా పక్కన కూర్చుని, "అత్తా, నేను ఆ పని సేస్తా" అనింది. నర్సు అవుతాననలేదు. ఆ పని సేస్తా అనింది.

ఆ మాట మింద నిలబడింది పిల్ల. వాళ్లమ్మ పోయినాక గూడా ఇంకో మాట లేదు.

మదనపల్లెలో ఒక ట్రస్టు ఉండాది. ఏటా ఇంటర్ అయిన పేదింటి ఆడపిల్లల్ని కొందర్ని ఎంచుకుని, కుప్పంలో నర్సింగు సదివిస్తారు. హాస్టలు, బట్టలు, పుస్తకాలు అన్నీ వాళ్లే. పరీచ్చ ఒకటి పెడతారు, ఆమీట కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. ఒకసారి రాసినోళ్లను మళ్లా రాయనీరు. ఈశ్వరప్ప సెప్పేసినాడు, "అక్కా, ఆ సీటొస్తే సదవనీ. రాకపోతే నావల్ల కాదు. నాతో మదనపల్లె టమోటా మండీకి వస్తాది, గ్రేడింగుకు." వాడు చెడ్డోడు గాదు. ఉండేది సెప్పినాడు. కాబట్టి ఆ సీటు ఒకటే దానికి దారి. అది దానికి తెలుసు, నాకు తెలుసు, ముద్దుకృష్ణ సారుకూ తెలుసు. నేనే పొయ్యి సెప్పొస్తిని, ఈ పాపను ఎట్లన్నా గట్టెక్కించు సార్ అని.

ఆ సారును గురించి మంచీ సెప్పల్ల. పిల్లల్ని కొట్టడు. ప్రైవేటు కాలేజీ, ఇంగ్లీషూ ఆయనే, తెలుగూ ఆయనే, ఎవురన్నా రాకపోతే సివిక్సూ ఆయనే. ట్రస్టు పరీచ్చ రాసే ఆడపిల్లలకు సాయంత్రం ఊరికే క్లాసు పెట్టినాడు. మొదటి దినం, "నేను నర్సు ఎందుకు కావాలనుకుంటున్నాను, మీ మాటల్లో రాసుకొని రండి" అన్నాడంట. ప్రతి ఏడూ అదే అడుగుతారంట ఆడ. నీలిమ ఆ రేత్రి అన్నం గూడా మర్సిపొయ్యి రాసింది. వాళ్లమ్మ గోర్ల సంగతే రాసింది. నాకు సదివి ఇనిపించింది. నేను మధ్యలోనే లేసి పొయ్యి గిన్నెలు కడుక్కుంటి, నా మొగం అది సూడకూడదని.

మరుసటి దినం కాలేజీ నుంచి వచ్చి సంచి మూలన పారేసి కూర్చునింది. అన్నం పెడితే ఎత్తదు. అడగంగా అడగంగా సెప్పింది. సార్ అందరి ముందర గట్టిగా సదివినాడంట. సదివి, "గోళ్లు తీసేదానికి నర్సింగ్ ఎందుకమ్మా, బ్యూటీ పార్లర్ పెట్టుకో" అన్నాడంట. పిల్లలంతా నవ్వినారంట. ఆయన ఊరికే ఎగతాళికి అనింటాడు, నాకు తెలుసు. ఆమీట పేపరు మింద అడ్డంగా గీత కొట్టి, "పెద్దవాళ్లు చదివేది, ఒక స్టాండర్డ్ ఉండాలి. నేను తయారుచేసి ఇస్తా" అన్నాడంట.

తయారుసేసింది ఆయన గాదు లెండి. ఫోను. ఇప్పుడు వచ్చిండాదే ఆ ఏఐ, దాన్ని అడిగితే ఏం కావాలంటే అది రాసిస్తాదంట. ఆయన అడిగినాడు, అది రాసింది, ప్రింటు తీసి జిరాక్సు కొట్టి పిల్లలందరికీ తలా ఒకటి పంచినాడు. "ఇది బట్టీ పట్టండి. ఒక్క అక్షరం పోకూడదు. కామా గూడా." ఈడ సదువంటే అదే గదా. గైడులో ఉండేది ఉన్నట్టు దించినోడికే మార్కులు. సొంతంగా రాసినోడికి ఎర్రగీత. మా కాలంలోనూ అంతే, ఇప్పుడూ అంతే, రాసేవోడు మాత్రం మారినాడు.

ఇంక మా ఇంట్లో పొద్దన్నా సాయంత్రమన్నా ఒకటే పాట. వాకిట్లో అటూ ఇటూ తిరుగుతా, "నా చిన్నతనంలో మా అమ్మమ్మ తీవ్ర అనారోగ్యానికి గురైనప్పుడు, ఆమె కన్నుల్లోని నిస్సహాయత నా హృదయంలో సేవ అనే దీపాన్ని వెలిగించింది" అని. నేను బియ్యంలో రాళ్లేరుకుంటా ఇని ఇని ఒకపొద్దు అడిగేస్తి.

"మే, నీకు అమ్మమ్మ యాడిది? మీ అమ్మకు పెండ్లి కాకముందే పోయిండాది గదా ఆయమ్మ?"

"సార్ ఇచ్చినాడత్తా."

"ఇస్తే? లేని ముసలమ్మకు జబ్బు తెప్పిస్తారా?"

"అందరికీ అదే ఇచ్చినాడు. మనది బాగలేదన్నాడు గదా."

మనది అనింది సూడండి. వాళ్లమ్మ గోర్లు, మనది. బాగలేదంట. నాకు మండింది గానీ, సదువుకునేది అది, సదివించేది ఆయన, మధ్యలో నేనెవురు అని గమ్మున ఉండిపోతి.

పరీచ్చ మదనపల్లెలో రాసింది. బాగా రాసినానత్తా, ఒక్క ముక్క గూడా మర్సిపోలేదు అనింది. మొగం ఎలిగిపోతాండె. ట్రస్టోళ్లు మాట్లాడేదానికి రమ్మని ఫోన్ సేసినప్పుడైతే నేను అంగన్‌వాడీ పిల్లకాయలందరికీ బెల్లం పంచితి.

ఆ దినం ఈశ్వరప్ప గూడా తెల్ల చొక్కా ఏసుకోని వచ్చినాడు. పిల్లతో పాటు పెద్దోళ్లు ఒకరు లోపలికి రావచ్చన్నారు. నువ్వే పో అక్కా, నాకు మాట్లాడను రాదు అని వాడు బయటే ఉండిపోయినాడు. లోపల బల్లకు అవతల ఒక సారూ, కళ్లజోడు పెట్టుకున్న ఒక మేడమూ. ఆ మేడం చిన్నప్పట్నించి నర్సు పనిలో ఉండి, ఇప్పుడు పిల్లలకు నేర్పిస్తాండాదంట. సూడను మంచి మనిషి మాదిరే ఉండాది. బల్ల మింద పేపర్లు పరిసి పెట్టుకోనుండారు.

మేడం అడిగింది, "నీలిమా, మీ అమ్మమ్మకు ఏం జబ్బు?"

పాప నా తట్టు సూసింది. నేనేం సెప్పేది?

ఆ సారు నవ్వినాడు. "మీ కాలేజీ నుంచి ఎంతమంది పిల్లలు రాశారో, అందరికీ ఒకటే అమ్మమ్మ. ఒకటే జబ్బు. ఒకటే దీపం. అది సరే. నీ పేపర్లో మాత్రం ఇంకొక మాట ఉంది. చదవండి మేడం."

మేడం నవ్వకుండా సదివింది. "మీరు కోరితే దీన్ని మరింత భావోద్వేగంగా మార్చి ఇవ్వగలను."

నాకు అర్థం గాలేదు. నీలిమకూ అర్థం గాలేదు. ఆ సారే సెప్పినాడు. ఏఐ ఏదన్నా రాసిచ్చినాక చివర్న అట్ల అడుగుతాదంట, ఇంకేమన్నా కావల్నా, మార్చి ఇయ్యమంటారా అని. ముద్దుకృష్ణ సార్ దాన్ని తీసెయ్యకుండా అట్లే ప్రింటు కొట్టినాడు. మిగతా పిల్లలు ఆ ముక్క ఒదిలేసినారు. మా మొద్దు మాత్రం దాన్నీ బట్టీ పట్టి, అందంగా గుండ్రంగా రాసి, కింద గీత గూడా కొట్టింది.

"హాల్లోకి ఫోన్ తెచ్చినావా?" అన్నాడు ఆ సారు.

"లేదు సార్. బట్టీ పట్టినా."

"ఇంత పొడుగుదా?"

అంతే. పాప చేతులు కట్టుకోని నిలబడి, మొదట్నించి అప్పజెప్పబట్టింది. నా చిన్నతనంలో మా అమ్మమ్మ అని మొదలుపెట్టి, నిస్సహాయత, దీపం, మానవత్వం, అన్నీ. ఎవురూ ఆపమనలేదు, అది ఆపలేదు. కడాకు, "మీరు కోరితే దీన్ని మరింత భావోద్వేగంగా మార్చి ఇవ్వగలను" అని గూడా సెప్పి, చేతులు కిందికి ఇడిసి నిలబడింది. దొంగతనం సెయ్యలేదని రుజువు సేసుకున్నా అనుకునింది నా తల్లి. ఆ సారు నవ్వు ఆగిపోయింది. మేడం కళ్లజోడు తీసి బల్ల మింద పెట్టింది. నాకు ఆ గోడలో తల పెట్టి ఏడవాలనిపించింది.

మేడం మెల్లిగా అడిగింది, "ఇది పక్కన పెట్టేద్దాం నాన్నా. పేపర్ లేదు, సార్ లేడు. నువ్వే చెప్పు. నీకు ఎందుకు నర్సు కావాలని?"

ఇంకేం కావల్ల? దేవుడు తలుపు తీసినాడనుకుంటి. సెప్పు పాపా, సెప్పు, అమ్మ సంగతి సెప్పు అని కళ్లతోనే సైగ సేస్తి. అది నేల సూస్తాది. నాకు ఆగలేదు. "అమ్మ గోర్ల సంగతి సెప్పు మే" అనేస్తి.

"అది బాగలేదు గదత్తా" అనింది గొణుగుతా.

"సెప్పమ్మా" అనింది మేడం.

సెప్పింది. మా అమ్మకు కిడ్నీలు పోయినాయి మేడం, దురద ఎక్కువుండె, ఎవురూ దగ్గరికి రారు, ఒక నర్సమ్మ వచ్చి గోర్లు తీసింది అని, ముక్కలు ముక్కలుగా, దానికి వచ్చినట్టు సెప్తాండాది. మేడం ముందుకు వంగి ఇంటాండాది. నేను దండం పెట్టుకుంటాండా. ఇంతలో ఏమాయనో, బిడ్డ గొంతు మారిపాయె. నిటారుగా నిలబడి, "ఆమె కన్నుల్లోని కరుణ నా హృదయంలో సేవ అనే దీపాన్ని వెలిగించింది" అనేసింది.

అయిపాయె. మేడం ఎనక్కి ఆనుకుని కూర్చునింది.

ఆ సారు పెన్ను మూత పెట్టినాడు. "ఇది మొదటిదాని కంటే బాగుంది. ఇంకా భావోద్వేగంగా మార్చి ఇచ్చినట్టుంది."

"సార్, అది నిజం!" అని లేస్తి నేను. "నేనుండా ఆడ. నేను కళ్లారా సూసినా. మా మరదలు సార్ ఆయమ్మ!"

"ప్రతి పిల్లతోనూ ఒక పెద్దమ్మ వచ్చి నిజమనే చెప్తోందమ్మా పొద్దుట్నుంచి."

నేను మేడం తట్టు తిరిగితి. ఆయమ్మ కళ్లల్లో నీళ్లుండాయి, అబద్ధం ఎందుకు సెప్పల్ల. "నాకు నమ్మాలనే ఉందమ్మా," అనింది. "కానీ ఏది ఈ పాపది, ఏది ఏఐదో నేనెట్లా తెలుసుకునేది? ఒకరిని తీసుకుంటే మిగతావాళ్లు ఊరుకుంటారా? మీ కాలేజీ పేపర్లన్నీ పక్కన పెట్టాలని పైవాళ్లు చెప్పేశారు."

ఎట్ల తెలుసుకునేదంట! ఏం తల్లీ, నువ్వు నర్సు గదా. ఒక ముసలమ్మను తెచ్చి ముందర కూర్చోబెట్టి, ఈయమ్మకు తల దువ్వు పాపా, గోర్లు తియ్యి పాపా అని సెప్పుంటే తెలిసుండదా? ఒక పూట ఆసుపత్రిలో నీతో పాటు తిప్పుకోనుంటే తెలిసుండదా? పేపరు సూసి మోసపోయినారు, మాట ఇని మోసపోతామని భయపడినారు, మధ్యలో పిల్లను మాత్రం ఎవురూ సూడలేదు. ఇదంతా నాకు బయటికొచ్చినాక తోచింది.

బయట ఈశ్వరప్ప మా మొగాలు సూసి, తెల్ల చొక్కా చేతులు పైకి మడుసుకుని, "టీ తాగుతారా" అన్నాడు. టీ తాగినాక, "మండీ రెండు దినాలు సెలవు, తర్వాత పాప నాతో వస్తాదిలే" అని మాత్రం అన్నాడు. వాడి గొంతు గూడా వాడిది మాదిరి లేదు.

పుంగనూరు బస్సులో నీలిమ కిటికీకాడ కూర్చునింది. సగం దారి దాటినాక అనింది, "అత్తా, నేను అనాలని అనలేదు. అమ్మ గురించే సెప్తాండా. నోట్లోంచి అదే వచ్చేసె."

"పోనీలే పాపా."

"ఆ చివరి మాట ఏందని నేను సారును అడిగినా అత్తా. తెలివి సూపించొద్దు, ఇచ్చింది ఇచ్చినట్టు రాయి అన్నాడు." మళ్లా, "ఇప్పుడు అమ్మను తలుసుకుంటే గూడా ఆ మాటలే వస్తాండాయి" అనింది. ఆ మాటకు నేను కొంగు నోట్లో కుక్కుకుంటి, బస్సులో గట్టిగా ఏడిస్తే బాగుండదని.

ఇప్పుడు సెప్పండి, తిట్టేదా వద్దా? మరుసటి దినమే పోతి కాలేజీకి. "ఫోను రాసింది సరే, సదివేదానికి నీకు కళ్లు లేవా? కడాన ఏముండాదో సూసుకోకుండా పిల్లల నెత్తిన రుద్దుతావా? తల్లి సచ్చిన బిడ్డ రాసుకోనొస్తే బ్యూటీ పార్లరంటావా? ఫోను అబద్ధం సెప్తాది, దానికి తల్లా తండ్రా! నీకుండారు గదా?" అని, ఇంకా శానా అంటి. ఈడ సెప్పేవి కావు అవి. నాలిక తడారిపోయేదాకా అంటి.

మిగతా సార్లు లేసి పోయినారు. ముద్దుకృష్ణ సార్ కుర్చీ లాగి నన్ను కూర్చోమన్నాడు. "ఒక్కొక్క క్లాసులో అంతమంది పిల్లలమ్మా," అన్నాడు. "రిజల్ట్ రాకపోతే మమ్మల్ని తీసేస్తారు. ఈ ఏఐ వచ్చినప్పుడు కాలేజీలో ఒక్కరూ మాతో కూర్చుని, దీన్ని ఏం చేద్దాం, ఎంతవరకు వాడదాం అని మాట్లాడలేదు. వాడండి, టైం మిగులుతుంది అన్నారు, అంతే." ఆమీట తల దించుకుని, "ఆ గోళ్ల సంగతి ఆ రోజు సరిగ్గా చదవలేదు. ఇంకొకసారి చెప్పమ్మా" అన్నాడు. సెప్తి. మొత్తం సెప్తి. కళ్లు తుడుసుకున్నాడు. నిజంగానే తుడుసుకున్నాడు. నా కోపం సగం దిగిపోయింది. తప్పు తెలుసుకున్నాడులే, మనిషే గదా, ఇంక ముందు పిల్లలకన్నా మంచి జరుగుతాది అనుకుంటా ఇంటికొస్తి.

నీలిమ నాకాడ్నించే మండీకి పోతాండాది. పొద్దున్నే బస్సు, సాయంత్రం బస్సు. దెబ్బ తగిలినవి ఒక పక్క, పచ్చివి ఒక పక్క, పండువి ఒక పక్క. ఏరి ఏరి చేతి ఏళ్ల సందుల్లో పగుళ్లు వచ్చినాయి. నేను కొబ్బరినూనె రాస్తాంటే చెయ్యి లాక్కుంటాది. వాళ్లమ్మ మాట ఎత్తితే లేసి పోతాది. ముందంతా అట్ల గాదు. అమ్మ ఇట్లనేది, అమ్మ అట్లనేది అని ఒకటే సొద.

ఏడాది తిరిగింది. ట్రస్టోళ్లు ఈసారి పరీచ్చ మార్చినారంట. పోయినసారి జరిగిన రభసకు, ఎందుకు నర్సు కావాలనుకుంటున్నావు అనేది తీసేసి, నీ జీవితంలో నిజంగా జరిగిన ఒక సంఘటన రాయి అని పెట్టినారంట. మంచి పని సేసినారనుకుంటి ఇన్నప్పుడు.

మా పక్కింటి జాహ్నవి ఇప్పుడు అదే కాలేజీ. వాళ్లింట్లో టీవీ మోతని మా వాకిట్లోకొచ్చి సదువుకుంటాది. బంగారు పిల్ల, దాన్ని ఏమనేదానికీ లేదు. మొన్న సాయంత్రం నేను మునగాకు దూస్తా కూర్చున్నా. అది అటూ ఇటూ తిరుగుతా బట్టీ పడతాండాది. నేను మొదట ఇనలేదు. తర్వాత ఏదో చెవిలో పడింది.

"...ఆసుపత్రి వార్డులో ఎవరూ మా అమ్మ దగ్గరికి రాని వేళ, ఒక నర్సు వచ్చి మంచంపై కూర్చుని, మా అమ్మ కుడిచేతిని తన ఒడిలోకి తీసుకుని, ఒక్కొక్క గోరూ కత్తిరించింది. ఆ క్షణం నా జీవితాన్నే మార్చివేసింది..."

నా చేతిలో ఆకు చేతిలోనే ఉండిపాయె. ఎవురమ్మ? వాళ్లమ్మ లోపల టీవీ సూస్తాండాది, రాయి మాదిరి గట్టిగా ఉండాది! అంటే ఆపొద్దు సారు కళ్లు తుడుసుకునింది... అడిగి మరీ మళ్లా సెప్పించుకునింది ఇందుకా... ఓరి దేవుడా! లేస్తి. ఆ పేపరు పెరికి ముక్కలు ముక్కలు సేద్దామని పోతాంటే, నా చెయ్యి పట్టుకున్నారు ఎవురో. తిరిగి సూస్తే నీలిమ. బస్సు దిగి ఎప్పుడొచ్చెనో, గేటుకాడ నిలబడి ఎంత సేపట్నించి ఇంటాండెనో. మెడకు చున్నీ సుట్టుకోని, చేతులకు టమోటా రసం ఎండిపోయి ఉండాది.

జాహ్నవి దాన్ని సూసి నవ్వింది. "అక్కా, ఇనినావా? ఎట్లుండాది? సార్ ఈసారి భలేది ఇచ్చినాడక్కా. ఇది సదివితే మేడంలు ఏడుస్తారంట."

నీలిమ మెట్టు మింద కూర్చునింది. "ఎవురిదంట ఇది?"

"ఎవురిదీ గాదక్కా. ఏఐ రాసింది."

నేను సెప్పేస్తా, ఇప్పుడే సెప్పేస్తా అని నా గొంతు దాకా వచ్చింది. నీలిమ నన్ను సూడనే లేదు. ఆ బస్సు దినం తర్వాత మొట్టమొదటిసారి వాళ్లమ్మ మాట ఎత్తింది.

"కుడిచెయ్యి గాదు పాపా. కుడిచేతికి సూది గుచ్చి ఉండె, కదిలిస్తే నొప్పి అని ఆ నర్సమ్మ అటుపక్క తిరిగొచ్చి కూర్చునింది. ఎడమచెయ్యి."

జాహ్నవి పేపరు ఎత్తి పట్టుకుని, ఏలు పెట్టి ఎతికి సూసుకునింది.

"లేదక్కా, కుడి అనే ఉండాది" అనింది. అని, మళ్లా మొదట్నించి సదవబట్టింది.